వెచ్ ఫీల్డ్‌లో చిక్కుడు పాదులు

ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లోని తమ్ముడింట్లో నాలుగు రోజులున్నప్పుడు అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు ఆడే ఎలాండ్ రోడ్ స్టేడియం చూశాను. అక్కడి పడమటి స్టాండుకు ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ చార్లెస్ పేరు కనిపించాక, ఆయన పుట్టిన ఊరు కూడా చూసి రావాలనిపించింది. ఆ ఊరు వేల్స్ దక్షిణ తీరంలోని స్వాన్‌సీ. నేను రైలు దిగేసరికి సన్నగా వాన పడుతోంది.

1931లో పుట్టిన చార్లెస్ చిన్నతనంలోనే స్వాన్‌సీ టౌన్ క్లబ్బులో మైదానపు పనులకు కుదిరాడు. ఆ మైదానం పేరు వెచ్ ఫీల్డ్. వెచ్ అంటే చిక్కుడు జాతికి చెందిన పశుగ్రాసపు మొక్క. ఒకప్పుడు అక్కడ పండించింది అదేనట. క్లబ్బు 2005లో కొత్త స్టేడియానికి తరలిపోయింది, 2011లో పాతదాన్ని కూల్చేశారు. చుట్టూ వరుస ఇళ్ల మధ్య, ఇప్పుడక్కడ ఊరివాళ్లు కూరగాయలు పెంచుకుంటున్నారు. వెదురు కర్రలను పైన ముడివేసి నిలబెట్టిన పందిళ్ల మీద ఎర్రపూల చిక్కుడు తీగలు అల్లుకుని ఉండగా, ఆకుల అంచుల నుంచి వాననీళ్లు బొట్లుబొట్లుగా జారుతున్నాయి.

మొక్కల మధ్య కలుపు తీస్తున్న ఒక పెద్దాయనతో మాట కలిపితే, ఆయన మొదట చెప్పింది, చార్లెస్ స్వాన్‌సీ పెద్ద జట్టుకు ఒక్క ఆటైనా ఆడకుండానే లీడ్స్‌కు వెళ్లిపోయాడన్న సంగతి. ఊరికి ఆ వెలితి ఇంకా తీరినట్టు లేదు. లీడ్స్‌లో రక్షణలోనూ దాడిలోనూ ఒకేలా రాణించిన ఆ ఆటగాణ్ణి 1957లో ఇటలీ క్లబ్బు యువెంటస్ 65,000 పౌండ్లకు కొనుక్కుంది. బ్రిటిష్ ఆటగాడికి అప్పటికది రికార్డు ధర. మొదటి సీజన్‌లోనే 28 గోల్స్‌తో ఇటలీ లీగ్‌లో అందరినీ మించిపోయాడు, మూడుసార్లు లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అంత భారీ మనిషి, అందునా రక్షకులు అదేపనిగా మీద పడే రోజుల్లో, కెరీర్ మొత్తంలో రిఫరీ చేత హెచ్చరిక గానీ బహిష్కరణ గానీ పొందలేదంటారు. అందుకే ఇటాలియన్లు ఆయనను 'మంచి భీముడు' అన్నారు. ఆ పిలుపు నాకు గోల్స్ లెక్క కన్నా విలువైనదిగా తోచింది.

1958 ప్రపంచ కప్‌లో హంగేరీపై ఆటలో దెబ్బలు తిని, బ్రెజిల్‌తో క్వార్టర్ ఫైనల్‌కు ఆయన దూరమయ్యాడు. పదిహేడేళ్ల పీలే కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో వేల్స్ ఓడింది. పెద్దాయన కలుపు తీయడం ఆపి, "చార్లెస్ ఉండి ఉంటేనా..." అని, వాక్యం పూర్తి చేయకుండానే మళ్లీ వంగాడు.

చార్లెస్ పుట్టిన కుమ్‌బుర్లా వైపు ఎత్తు రోడ్డు పట్టాను గానీ, వాన జోరందుకోవడంతో సగం దారిలోనే స్టేషన్‌కు వెనుదిరిగాను.