నాగావళి ఇసుకలో ప్రాక్టీస్, గుల్‌మార్గ్‌లో తొలి మంచు: నా అనుభవం

డిసెంబర్ మొదట్లో గుల్‌మార్గ్ వెళ్లి, చదును చేసిన ట్రాకులు వదిలి కొండవాలుల్లో స్కీయింగ్ చేస్తామంటే మా రాయగడ ఇంట్లో ముందు అడ్డు చెప్పింది అమ్మే. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద మంచు చరియ విరిగిపడి, ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందంలో 27 మంది చనిపోయారు, ఇద్దరు గల్లంతయ్యారు. ఆ వార్త ఆవిడ మర్చిపోలేదు. "అప్పటికి చలికాలమే రాలేదు కదే!" అంది. సంగతి తెలుసుకున్నాకే టికెట్ కొంటానన్నాను.

తెలుసుకున్నకొద్దీ నాకే భయం వేసింది. మంచు ఎంత పడిందన్నది ఒక్కటే కాదు, దేని మీద పడిందో చూడాలి. సీజన్ మొదట్లో పడిన కాస్త మంచు ఎండ తగలని ఉత్తరపు వాలుల్లో కరగకుండా ఉండిపోతుంది. కింద నేల సున్నా డిగ్రీల దగ్గర, పైన గాలి అంతకంటే ఎంతో చల్లన. పొర పల్చగా ఉంటే ఆ తేడా కొద్ది మందంలోనే ఇమడాలి. అప్పుడు ఆవిరి పైకి పాకుతూ రేణువుల మధ్య పట్టు పోగొడుతుంది. తర్వాత కురిసిన మంచుని గాలి దాని మీద పలకలా పేరుస్తుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే, ఒక్క మనిషి బరువుకే ఆ పలక తెగి జారవచ్చు.

మంచులో కూరుకుపోయిన మనిషిని సిగ్నల్‌తో వెతికే చిన్న పరికరాలు, బీకన్లు, విశాఖ స్నేహితుల దగ్గర అరువు తెచ్చి, తమ్ముడు, నేను నాగావళి ఇసుకలో ప్రాక్టీస్ చేశాం. వాడు ఒకటి సంచిలో చుట్టి పాతిపెట్టేవాడు, నేను రెండోదానితో వెతికేదాన్ని. "అక్కా, ఫోన్ జేబులో ఉంది!" అని వాడు అరిచేవాడు, ఫోన్ దగ్గరుంటే సిగ్నల్ చెడుతుంది మరి. కూరుకుపోయిన మనిషిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే అవకాశం ఎక్కువ. అంత టైములో పార పట్టి తవ్వడమే అన్నిటికన్నా కష్టం. బీకన్ కొని పార కొనని వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కణ్నుంచి గుల్‌మార్గ్. అఫర్వత్ శిఖరం కింద, మంచు పొరలు చూడ్డానికి గైడ్ గొయ్యి తవ్వించారు. అడుగు పొర చేతిలోకి తీసుకుంటే పంచదారలా రాలిపోయింది. పొరల పట్టు ఎంతుందో చూడ్డానికి 30 సెంటీమీటర్ల చదరపు దిమ్మె కోసి, పైన పార పెట్టి తట్టాం. మణికట్టుతో తట్టినప్పుడు నిలిచింది, మోచేతి నుంచి తట్టడం మొదలవగానే పై దిమ్మె మొత్తం నున్నగా జారిపోయింది. నడుస్తుంటే కాలి కింద 'దుబ్' మని మంచు కుంగిన శబ్దం కూడా విన్నాం. అది పొర విరిగిన శబ్దం. గైడ్ పై గిన్నెలాంటి లోయ ప్లాన్ రద్దు చేసి, 25 డిగ్రీలు దాటని అడవి వాలుకి తీసుకెళ్లారు. పల్చటి మంచు కింద బండలు పైపైనే ఉంటాయి, చిన్న చరియ ఈడ్చుకెళ్లినా ఎముకలు విరుగుతాయి.

మా బృందంలో ఇద్దరు ఆ తర్వాత ఐస్ క్లైంబింగ్‌కి హిమాచల్‌లోని స్పితి వెళ్లారు. గడ్డకట్టిన జలపాతాలు చాలావరకు చరియలు దిగే గాడుల్లోనే ఉంటాయి కాబట్టి, ఎక్కే ముందు పైన గాలికి పేరిన మంచు ఎంతుందో చూడమని గైడ్ వాళ్లకి గట్టిగా చెప్పారు. తాడు మీద ఉన్నవాణ్ని కొద్దిపాటి జారుడు కూడా పడేస్తుంది.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. ఆ అడుగు పొర అప్పటికీ పైమంచు కింద మిగిలి ఉండొచ్చు. ముందు గొయ్యి తవ్వుతాం.