30 ఏండ్ల కింద తీసేసిన గర్భసంచి

అమ్మకు 68. పోయిన దసరా కాడ్నుంచి మూత్రంల మంట, చలిజ్వరం. హన్మకొండల ఒక దవాఖానకు తీస్కపోతే యూరిన్ ఇన్ఫెక్షన్ అని మందులు రాసిండ్రు, తగ్గింది, నెల తిరగకముందే మళ్ల వచ్చింది, మళ్ల అవే మందులు, ఇట్ల నాలుగుసార్లు. షుగర్ ఉన్నోళ్లకు గంతే అన్నరు, మేం గూడ గంతే అనుకున్నం.

అసలు సంగతి అమ్మ చెప్పలే. మూత్రం పోసేటప్పుడు చివర్ల గాలి బుడబుడ వస్తుందట! అది గూడ నాకు కాదు, సంక్రాంతికి పరకాల నుంచి వచ్చిన చిన్నమ్మ చెవుల ఏసింది. "ఎట్ల చెప్పాలె బిడ్డా, నోరు రాలే" అన్నది నేనడిగితే.

గాలి అన్న మాట వినంగనే ఇంకో సర్జన్ సార్ అడిగింది ఒక్కటే, "అమ్మా, గర్భసంచి ఉన్నదా, తీసిండ్రా?" అమ్మకు 38 ఏండ్లకే తీసిండ్రు. మా దిక్కు తెల్లబట్టయినా తీసుడే, నడుంనొప్పయినా తీసుడే, దాని గురించి మాట్లాడితే నాకు కోపమొస్తది, పోనీ.

వయసు మీద పెద్దపేగు గోడకు చిన్న చిన్న సంచుల లెక్క ఉబ్బుతయట, అవి వాస్తే డైవర్టిక్యులైటిస్. చానామందికి మందులతోనే పోతది. ఎవరికో ఒకరికి చీము పట్టి పక్కదాంట్లకు తొవ్వ చేస్కుంటది, అదే ఫిస్టులా. ఆడోళ్లకు పేగుకూ మూత్రసంచికీ నడుమ గర్భసంచి అడ్డముంటది, అమ్మకు ఆ అడ్డం లేకపాయె, తొవ్వ సీదా మూత్రసంచిలకే పడ్డది, పేగుల గాలి మూత్రంల వచ్చుడు అందుకే. కొందరికి తొవ్వ యోనిలకు పడ్తదట, అప్పుడు అక్కడ్నుంచే గాలి, కంపువాసన, వాళ్లు ఇంకెవరికి చెప్పుకుంటరు? అంతకుముందేడు ఎడమదిక్కు పొత్తికడుపు నొప్పంటే మేం గ్యాస్ గోలీలిచ్చినం, అదే మొదలు కావచ్చన్నరు సార్.

సీటీ స్కాన్ల మూత్రసంచిల గాలి కనబడ్డది. అంతకుముందు మూత్రం పైపు ఏమన్న ఏసిండ్రా అని అడిగిండ్రు, ఏస్తే గూడ లోపటికి గాలి పోతదట. మూత్రంల ఏ క్రిములున్నయో చూసే పాత కల్చర్ రిపోర్టుల రెండు మూడు రకాల క్రిములున్నయి, పేగులయి కలిస్తే గట్లుంటదట, అప్పుడు ఎవరూ పట్టించుకోలే. క్యాన్సర్ తోని గూడ ఇట్లయితదని కొలనోస్కోపీ, అంటే పెద్దపేగు లోపట కెమెరాతోని చూసుడు, చేసిండ్రు, అది లేదన్నంక మా పానం కుదుటపడ్డది. ఆపరేషన్ల ఆ పేగు ముక్క తీసి రెండు కొసలు కలిపిండ్రు, మూత్రసంచికి కుట్లేసిండ్రు, పది రోజులు పైపు.

ఆ పది రోజులు చుట్టాలొస్తే అమ్మ మూత్రం బ్యాగు మీద కొంగు కప్పేది. ఏమైందక్కా అంటే "కడుపునొప్పి" అనేది, చిన్నమ్మ పక్కన కూసోని నవ్వు ఆపుకునేది.