థాయ్ ఏటీఎంలో 220 బాట్ల కోత: ఏది తప్పించుకోవచ్చు, ఏది తప్పదు

బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లంతా ఆ 220 బాట్ల గురించే బాధపడతారు. నిజానికి ఒక్క విత్‌డ్రాలో మూడుచోట్ల డబ్బు పోతుంది. మెషిన్ పెట్టిన థాయ్ బ్యాంకు ఫీజు తీసుకుంటుంది. మీ బ్యాంకు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ మార్పిడిపై శాతంగా వేసే అదనపు రుసుము), విత్‌డ్రా ఛార్జీ వేస్తుంది. మూడోది స్క్రీన్ మీద మీరు నొక్కే బటన్‌తో పోయేది. దేని విరుగుడు దానిదే.

మెషిన్ ఫీజు విదేశీ కార్డులన్నిటికీ పడుతుంది. చాలాకాలంగా అది 220 బాట్లు. 250 కనిపించినా ఆశ్చర్యపోవద్దు, డబ్బు రాకముందే స్క్రీన్ ఆ అంకె చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. మీరు 2,000 బాట్లు తీసినా 20,000 తీసినా ఫీజు అంతే. జీరో మార్కప్ కార్డున్నా ఇది పోదు, ఎందుకంటే ఇది మీ బ్యాంకు వేసేది కాదు. బ్రిటన్‌లో బ్యాంకుల ఏటీఎంలు చాలావరకు ఇలాంటిది అడగవు. థాయ్‌లాండ్‌లో మాత్రం తక్కువసార్లు, ఎక్కువ మొత్తం తీయడమే దారి.

లెక్క వేసి చూడండి. బాట్ 2.60 రూపాయలు అనుకుందాం. మీ బ్యాంకు మార్కప్ 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే 4.13 శాతం. విత్‌డ్రా ఛార్జీ జీఎస్టీతో కలిపి సుమారు 150 రూపాయలు. 2,000 బాట్లు అంటే 5,200 రూపాయలు. దానికి మెషిన్ ఫీజు 572, మార్కప్ 215, ఛార్జీ 150 కలిపి 937 రూపాయలు, అంటే 18 శాతం పోయింది. అదే 20,000 బాట్లు ఒకేసారి తీస్తే 52,000 మీద పోయేది సుమారు 2,870, అంటే 5.5 శాతం. అందులో 2,150 దాకా మీ బ్యాంకు మార్కప్పే. పెద్ద మొత్తం తీసేవాళ్లకు అసలు దెబ్బ ఇక్కడ ఇంటి దగ్గరి బ్యాంకుది. కాబట్టి మార్కప్, విత్‌డ్రా ఛార్జీ రెండూ లేని డెబిట్ కార్డు ప్రయాణానికి నెల ముందే తీసుకోవడం మేలు. మార్కప్ సున్నా అని రాసినంత మాత్రాన విత్‌డ్రా ఛార్జీ కూడా సున్నా అనుకోకండి, ఛార్జీల పట్టికలో రెండూ వేరువేరు వరుసల్లో ఉంటాయి.

ఇక బటన్ సంగతి. పిన్ కొట్టి మొత్తం ఎంచుకున్నాక, ఇన్ని రూపాయలు అవుతుంది, ఇదే రేటుకు ఒప్పుకుంటారా అని మెషిన్ అడుగుతుంది. రూపాయల్లో కనిపించేసరికి మనవాళ్లకు ధైర్యం వచ్చి 'యాక్సెప్ట్' నొక్కేస్తారు. ఆ రేటు 2.80 ఉందనుకోండి, 20,000 బాట్లకు 4,000 రూపాయలు అదనంగా పోయినట్టే. 'డిక్లైన్ కన్వర్షన్' లేదా 'వితౌట్ కన్వర్షన్' నొక్కండి. డిక్లైన్ అంటే లావాదేవీ రద్దవుతుందని భయం వద్దు. రద్దయ్యేది వాళ్ల రేటు మాత్రమే, డబ్బు బాట్లలోనే లెక్కకట్టి వస్తుంది. హోటల్లో, షాపులో స్వైప్ మెషిన్ ఇదే ప్రశ్న అడిగినా బాట్లే ఎంచుకోండి.

మెషిన్ డబ్బివ్వకపోతే కారణం ఎక్కువగా మన వైపే ఉంటుంది. 2020 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి వస్తాయి. బ్యాంకు యాప్‌లో 'ఇంటర్నేషనల్' మీట, అందులోనే ఏటీఎం మీట ఇంటి దగ్గరే ఆన్ చేయాలి. ఓటీపీ రావాలి కదా, అక్కడికెళ్లాక సిమ్ పనిచేయకపోతే ఇబ్బంది. రోజువారీ పరిమితి 50,000 రూపాయలు ఉంటే 20,000 బాట్లు రావు, ఎందుకంటే ఫీజుతో అది 20,220 బాట్లు, అంటే పై రేటున సుమారు 52,600 రూపాయలవుతుంది. పరిమితి పెంచుకోండి, లేదా 18,000 బాట్లు తీయండి. థాయ్ కార్డులకు ఆరంకెల పిన్ ఉంటుంది. మన నాలుగంకెలు కొట్టి పక్కన ఎంటర్ నొక్కాలి, ఊరికే ఎదురుచూస్తే గడువు దాటిపోతుంది. బ్యాలెన్స్ చూడటానికి కూడా చాలా బ్యాంకులు ఛార్జీ వేస్తాయి, ఆ పని యాప్‌లో చేసుకోండి. క్రెడిట్ కార్డుతో మాత్రం నగదు తీయొద్దు. నగదు తీసినందుకు వేసే అడ్వాన్స్ ఫీజుతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

ఏటీఎం ముట్టుకోకుండా గడపాలంటే డాలర్లు తీసుకెళ్లండి. ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు నోట్లుగా అనుమతి. హైదరాబాద్ విమానాశ్రయం కౌంటర్లో కాకుండా నాలుగురోజుల ముందు ఊళ్లోనే రెండుమూడు చోట్ల అడిగి కొనండి. 100 డాలర్ల నోట్లే అడగండి, అక్కడ చిన్న నోట్లకు రేటు తగ్గుతుంది. చిరుగులు, గీతలున్న నోట్లు తీసుకోరు. బ్యాంకాక్ విమానాశ్రయం సువర్ణభూమిలో దిగాక అరైవల్ హాల్లో మార్చకండి. రైలు స్టేషన్ ఉన్న కింది అంతస్తు బి లో సూపర్‌రిచ్ వంటి కరెన్సీ మార్పిడి కౌంటర్లలో రేటు బాగుంటుంది. పాస్‌పోర్ట్ చేతిలో ఉంచుకోండి.

ఖాతాలో డబ్బు తగ్గి మెషిన్ నోట్లు ఇవ్వకపోతే థాయ్ బ్యాంకు చుట్టూ తిరగొద్దు. స్లిప్పు ఫొటో, మెషిన్ మీది నంబరు, సమయం రాసుకుని మీ బ్యాంకులోనే ఫిర్యాదు పెట్టండి.