ఆపిల్ తోటలో సారా బట్టి

సెప్టెంబరు వచ్చిందంటే న్యూజెర్సీలో మన తెలుగు వాట్సాప్ గ్రూపుల నిండా ఆపిల్ తోటల ఫొటోలే. కొమ్మ పట్టుకుని ఒకటి, బుట్ట ఎత్తుకుని ఒకటి, గుమ్మడికాయ మీద కూర్చుని ఒకటి. ఆ ఫొటోల్లో ఎప్పుడూ కనబడనిది తోట వెనకాల ఉండే షెడ్డు. పైన న్యూయార్క్ రాష్ట్రపు హడ్సన్ లోయలో ఇప్పుడు చాలా తోటలకు సొంత సైడరీ ఉంది, అంటే ఆపిల్ రసం పులియబెట్టి సైడర్ చేసే చోటు. కొన్నిటికి సారా కాచే డిస్టిలరీ కూడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రం 2007లో ఫామ్ డిస్టిలరీలకు, 2013లో ఫామ్ సైడరీలకు విడిగా చట్టాలు తెచ్చింది. తమ రాష్ట్రపు పంట వాడేవాళ్ళు తోటలోనే తయారుచేసి, వచ్చినవాళ్ళకు రుచి చూపించి, అక్కడే అమ్ముకోవచ్చు. దేశంలో ఆపిల్ ఎక్కువగా పండే రాష్ట్రాల్లో న్యూయార్క్ ఒకటి. మచ్చ పడిందనో, చిన్నదనో బజారులో ఎవరూ కొనని పండుకు ఇదొక దారి.

మనవాళ్ళు ఆ షెడ్డులోకి వెళ్ళరని కాదు. మగవాళ్ళు "ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం" అని వెళ్తారు, ఆడవాళ్ళు పిల్లల్ని ట్రాక్టరు బండి ఎక్కించడానికి తీసుకెళ్తారు. ఫొటో మాత్రం ఉండదు. గ్రూపులో అత్తమామలు, బాబాయిలు ఉంటారు మరి. ఇళ్ళల్లో ఇంకో విద్య ఉంది. ఇండియా నుంచి వీడియో కాల్ మోగగానే టేబుల్ మీది గ్లాసు చప్పుడు లేకుండా కిందికి దిగిపోతుంది. పిల్లలు అది చూస్తూనే పెరుగుతారు. దాంతో వాళ్ళు నేర్చుకునేది తాగడం తప్పని కాదు, తాగినా పెద్దవాళ్ళ కంట పడకూడదని. ఇంకో రెండు మూడేళ్ళలో ఆ కంట పడకూడని పెద్దవాళ్ళం మనమే అవుతాం. మా పెద్దదానికి పద్నాలుగు నిండినప్పటి నుంచీ నాకు ఇదే టెన్షన్.

అందుకే మా అత్త ఆరు నెలలకని వచ్చిన ఏడాది, ఈసారి అందరం కలిసే షెడ్డులోకి వెళ్దామన్నాను. మా ఆయన నమ్మలేదు. "అమ్మను తీసుకుని తాగే చోటికా?" అన్నాడు. "మరి అమ్మను కారులో కూర్చోబెట్టి వెళ్దామా?" అన్నాను. అత్తకు ముందే చెప్పాను, అక్కడ ఆపిల్ రసం పులియబెడతారు, దాంతో సారా కూడా కాస్తారని. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ "పదండి, ఎట్ట కాస్తారో చూద్దాం" అంది.

అక్టోబరు కాబట్టి పని జోరుగా సాగుతోంది. కడిగిన పండ్లను మరలో వేసి తురుముతున్నారు. ఆ తురుమును గుడ్డలో పరిచి నాలుగు మూలలూ మడిచి, పైన చెక్క పలక పెట్టి, దాని మీద మళ్ళీ ఇంకో గుడ్డ. అలా నడుం ఎత్తు పేర్చాక పైనుంచి నొక్కితే నాలుగు పక్కలా గోధుమరంగు రసం కారింది. అంతా పిండేశాక గుడ్డ విప్పితే లోపల పలకలాగా గట్టిపడిన పిప్పి. అత్త పుట్టింది చిత్తూరు జిల్లాలో, చెరకు పండించి బెల్లం వండే ఊళ్ళో. ఎవరినీ అడక్కుండా ఆ పిప్పి ముక్క చేతిలోకి తీసుకుని విరిచి చూసింది. "బాగానే పిండినారు. పిప్పి ఏం జేస్తారంట, అడగమ్మీ" అంది మా పెద్దదానితో. పశువులకు వేస్తామని, మిగిలింది ఎరువుకని అక్కడ తిప్పి చూపిస్తున్న అబ్బాయి చెప్పాడు. "మేమైతే పొయ్యిలోకే ఎగేసేటోళ్ళం" అని అత్త. అది కూడా అనువదించాల్సి వచ్చింది.

సైడర్‌కు వాడే ఆపిళ్ళు వేరే ఉంటాయి. కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్ లాంటివి ఇంగ్లండ్ నుంచి వచ్చిన రకాలు. మావాడు అందంగా ఉందని ఒకటి తీసుకుని కొరికి, వెంటనే గడ్డిలో ఉమ్మేశాడు. వగరు. ఆ వగరు లేకపోతే సైడర్ చప్పగా ఉంటుందట. ఇంకో సంగతి కూడా చెప్పాడా అబ్బాయి. ఆపిల్ గింజ నాటితే తల్లి చెట్టు కాయ రాదు, ఏ కాయ వస్తుందో ఎవరూ చెప్పలేరు. తినే రకం కావాలంటే అంటు కట్టాల్సిందే. ఇక్కడ బళ్ళో చిన్న పిల్లలకు జానీ ఆపిల్‌సీడ్ గురించి చెప్తారు కదా, 1774లో పుట్టిన జాన్ చాప్‌మన్. ఊరూరా తిరిగి గింజలు నాటిన మహానుభావుడని. ఆయన నాటినవి గింజలే కాబట్టి, ఆ పండ్లలో ఎక్కువ భాగం తినడానికి కాదు, సైడర్‌కే పోయేవి. బళ్ళో ఆ ముక్క చెప్పరు. దాపరికం మన ఇళ్ళల్లోనే ఉందనుకోనక్కర్లేదు.

తర్వాత బట్టి గది. మనిషెత్తు రాగి పాత్ర, పైన సన్నబడుతూ వెళ్ళిన మెడ, అక్కణ్ణుంచి చల్లబరిచే గొట్టం. పులిసిన రసాన్ని వేడి చేస్తే ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, నీళ్ళకు 100 కావాలి. ముందుగా లేచిన ఆవిరిని చల్లార్చి పట్టుకోవడమే మొత్తం కిటుకు. మొదట దిగేదాన్ని పక్కన పెట్టేస్తారు, అందులో గోళ్ళ రంగు తుడిచే మందు వాసన వస్తుంది. నడిమిది ఉంచుకుంటారు. చివర దిగేది మళ్ళీ వేరు. ఆ అబ్బాయి ఇదంతా వివరిస్తుంటే అత్త మధ్యలో అందుకుంది. "దీనికింత రాగి ఎందుకు? మావోళ్ళు కుండ మీద కుండ పెట్టి కాసేటోళ్ళు. నల్లబెల్లం ఊటేసి, తుమ్మచెక్క ఏసి, నురగ అణిగేదాకా పెట్టి..." పెద్దది తడబడుతూనే చెప్పుకొచ్చింది. తుమ్మచెక్క దగ్గర ఆగిపోతే నేను అందించాను. ఇక ఆ అబ్బాయికి మేమెవరం కనబడలేదు. అత్త వైపు తిరిగి, నురగ ఆగేదాకా అంటే ఇక్కడా అంతే, బుడగలు ఆగాకే బట్టికి ఎక్కిస్తాం అన్నాడు. రాగి ఎందుకో కూడా చెప్పాడు. పులిసినప్పుడు పుట్టే గంధకపు వాసనను రాగి లాగేస్తుందట.

మావాడు కళ్ళు పెద్దవి చేసి "అవ్వా, నువ్వు చేశావా?" అన్నాడు.

"నేను జెయ్యలేదు నాయనా. జేసినోళ్ళనీ తాగినోళ్ళనీ చూసినా. మీ తాత కూడా తాగినాడు."

మా పిల్లలకు తాత అంటే హాల్లో దండ వేసిన ఫొటో. మా ఆయన గబుక్కున పీపాల మీద రాసిన తేదీలు చదవడం మొదలుపెట్టాడు. అత్త మాత్రం ఆపలేదు, గొంతు కూడా తగ్గించలేదు. దొంగ బట్టీలు ఒక పక్క, ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో ఊరూరికీ పంపిన సారా పాకెట్లు ఇంకో పక్క. కోత కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు తాత దార్లోనే తాగేసి వస్తే, ఆమె తన కమ్మలు కుదువ పెట్టి కూలి ఇచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారన్న కబురు వీళ్ళ ఊరిదాకా వచ్చింది. అక్కడ రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళే కదిలారు. ముందు నిలబడిన రోశమ్మ పేరు అప్పట్లో పేపర్లో చూడనివాళ్ళు లేరు. "మేమూ పోయి అంగడికి తాళమేసినాం. పాకెట్లన్నీ కాలవలో పారబోసినాం. నా చేత్తోనే" అంది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేశారు. నాకు ఆ ఏళ్ళు గుర్తున్నాయి, పక్క రాష్ట్రం నుంచి వచ్చే బస్సుల్లో సంచులు వెతికేవాళ్ళు. అత్త ఆ గుంపులో ఉందన్నది మాత్రం పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు తెలీదు.

పెద్దది అప్పటికే బళ్ళో అమెరికా మద్యనిషేధం చదివింది. 1920 నుంచి 1933 దాకా, రాజ్యాంగానికి 18వ సవరణ తెచ్చి 21వ సవరణతో తీసేసిన కథ. వాళ్ళకు అది ఎక్కువగా దొంగ సారా ముఠాల కథగా, విఫలమైన చట్టంగానే తెలుసు. అంతకు చాలా ముందే, 1873, 74 చలికాలంలో ఒహాయో ఊళ్ళల్లో ఆడవాళ్ళు సారా దుకాణాల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసి మూయించారు. అది పాఠంలో ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యం దానికి అక్కడ గుర్తొచ్చింది. "వాళ్ళకెందుకంత కోపమో నేనెప్పుడూ ఆలోచించలేదమ్మా" అంది. రెండు చోట్లా చట్టం నిలవలేదు. ఆడవాళ్ళ కోపం మాత్రం న్యాయమైనదేనని నేననుకుంటాను. ఏ చట్టం మంచిదో తేల్చే పని మా పెద్దది కాలేజీకి వెళ్ళాక చేసుకుంటుంది.

ఇక రుచి చూడటం. ఇక్కడ 21 నిండితేనే, గుర్తింపు కార్డు చూపిస్తేనే. పిల్లలకు అదే మరలో పిండిన, పులియని ఆపిల్ రసం ఇచ్చారు. మాకు చిన్న చిన్న గ్లాసుల వరస. న్యూయార్క్‌లో తాగి కారు నడిపితే, రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం దాకా పోనక్కర్లేదు, 0.05 దాటినా కేసే. పైగా 2009లో లియాండ్రాస్ లా వచ్చింది. పదిహేనేళ్ళు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లల్ని కారులో పెట్టుకుని తాగి నడిపితే మొదటిసారే పెద్ద నేరం. కాబట్టి ఒకరు ముట్టుకోకూడదు. మామూలుగా మన పార్టీల్లో ఆ ఒకరు ఎవరో చర్చ కూడా ఉండదు. రాత్రి పదకొండింటికి తాళాలు ఆడవాళ్ళ చేతికొస్తాయి. "ఎప్పుడూ అమ్మలే ఎందుకు డ్రైవ్ చేస్తారు?" అని మా పెద్దది ఒకసారి అడిగింది కూడా. ఆ రోజు తాళాలు మా ఆయన దగ్గర, గ్లాసులు నా ముందు, ఎదురుగా అత్త.

గోల్డెన్ రసెట్ అనే పాత రకంతో చేసింది బాగుంది. తీపి లేదు, పులుపు, వెనకాల కొంచెం వగరు. ఇంకోటి పీపా వాసన మరీ ఎక్కువై నాకు నచ్చలేదు. ఓక్ పీపాలో ఏళ్ళ తరబడి నిలవ చేసిన ఆపిల్ బ్రాందీ వాసనే నాకు చాలనిపించింది. పక్కనే న్యూజెర్సీలో లెయిర్డ్ కుటుంబం 1780 నుంచీ ఆపిల్‌జాక్ అనే ఆపిల్ సారా అమ్ముతోంది. అంతకుముందు రైతులు సైడర్‌ను చలికాలం బయట పెట్టి, గడ్డకట్టిన మంచు తీసేసి ఘాటు పెంచుకునేవాళ్ళట. అన్నిటికన్నా పిల్లల కంట్లో పడింది బల్ల మీది చిన్న బకెట్టు. ఒక గుక్క చూసి నచ్చకపోతే, నచ్చినా చాలనుకుంటే, మిగిలింది అందులో పారబోయొచ్చు. వడ్డించే ఆవిడ కూడా అలాగే రుచి చూసి పారబోసింది. ఎవరూ ఏమీ అనుకోరు. "ఇంకొక్కటి, నా మీద ఒట్టు" అని చేతిలో గ్లాసు పెట్టే మన పార్టీలు చూసి పెరిగిన మా పిల్లలకు అది కొత్త.

అత్త ఆ బకెట్టు వంకే చూసి చూసి "ఇట్ట పారబోసే మొగోడు మా ఊళ్ళో ఒక్కడుంటే బాగుండు" అంది. బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచి, నా చేతిలో గ్లాసున్న ఫొటో మాత్రం ఎవరికీ పంపొద్దని మా ఆయనకు చెప్పమంది. పెద్దది విననే విన్నది. దానికి నవ్వాగలేదు.

కొంతమంది స్నేహితులు ఇంట్లోనే పిల్లలకు రెండు చుక్కలు రుచి చూపిస్తే బయట అతి చేయరంటారు, యూరప్‌ను చూపిస్తారు. నేను ఒప్పుకోను. ఎంత చిన్న వయసులో మొదలైతే తర్వాత అలవాటు ముదిరే ప్రమాదం అంత ఎక్కువని పరిశోధనలు చెప్తున్నాయి. ఇక్కడ 21 ఏళ్ళ నియమం ఊరికే రాలేదు. 1984లో ఫెడరల్ చట్టం చేసి, వినని రాష్ట్రాలకు రోడ్ల నిధుల్లో కోత పెడతామంటే దారికొచ్చారు. యువకులు రోడ్ల మీద చచ్చిపోవడం తట్టుకోలేకే అది వచ్చింది. అలాగని "ఇదంతా తెల్లవాళ్ళ అలవాటు, మన సంస్కృతిలో లేదు" అనే మాట కూడా మా ఇంట్లో ఇక చెల్లదు. అవ్వ స్వయంగా వంట విధానం చెప్పేసింది కదా!

ఇప్పుడు మా ఇంట్లో వీడియో కాల్ వస్తే గ్లాసు ఉన్నచోటే ఉంటోంది. మా ఆయన మాత్రం కెమెరా కొంచెం పైకి తిప్పుతాడు. దీపావళి విందు ఈసారి మా వంతు. ఇంటికి ఎవరు డ్రైవ్ చేస్తారో వచ్చేముందే చెప్పమని గ్రూపులో పెట్టాను. ఇప్పటిదాకా ఇద్దరు జవాబిచ్చారు, ఇద్దరూ ఆడవాళ్ళే.