టెంటులోంచి లేచొచ్చిన హెడ్మాస్టర్ గారు

2013 జులై 30న తెలంగాణ ఏర్పాటుకు కాంగ్రెస్ తీర్మానం చేసింది. తెల్లారేసరికి మా కందుకూరులో షాపులు మూతపడ్డాయి. నేనూ సమైక్య ర్యాలీలో నడిచాను. మా తమ్ముడు ఇరవై ఏళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాడు, వాడి పిల్లలు అక్కడే పుట్టారు. వాళ్లేమైపోతారోనని నిజంగానే భయపడ్డాను.

సరిగ్గా అప్పుడే మా పాపకి ఎంసెట్ కౌన్సెలింగ్. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోల (ప్రభుత్వ ఉద్యోగుల) సమ్మె, ఆర్టీసీ బస్సులు బంద్. 19 నుంచి సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అన్నారు.

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు చూపించాలి. పాప పదో తరగతి దాకా కందుకూరులో, ఇంటర్ నెల్లూరులో చదివింది. కందుకూరు అప్పుడు ప్రకాశం జిల్లా. ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, నెల్లూరు వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియా. ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ లోకల్, నూటికి 85 సీట్లు లోకల్ వాళ్లకే. తీరా చూస్తే స్కూలువాళ్లు ఇచ్చిన కాగితంలో ఆరు, ఏడు తరగతులు రాయనే లేదు.

మా ర్యాంకుకి తేదీ వచ్చేలోగా టీచర్లు కూడా సమ్మెలోకి దిగారు. స్కూలు గేటుకి తాళం. హెడ్మాస్టర్ గారు రిలే దీక్షల టెంటులో, మెడలో బంతిపూల దండతో కూర్చుని ఉన్నారు. అడగడానికి నాకు నోరు రాలేదు. నేనూ అదే నినాదం ఇచ్చినవాణ్ణే కదా. పాపే ముందుకెళ్లి కవర్లోంచి కాగితం తీసి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివారు. దండ తీసి కుర్చీ మీద పెట్టి, "రామ్మా" అని లేచారు.

ముగ్గురం నడుచుకుంటూ స్కూలుకి పోయాం. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. రిజిస్టర్ వెతికి కొత్త కాగితం రాశారు. స్టాంపు ప్యాడ్ ఎండిపోయి ముద్ర పడలేదు. పాప వాటర్ బాటిల్ మూతతో నాలుగు చుక్కలు పోసింది. రెండోసారికి ఊదారంగు ముద్ర పడింది, అంచులు కాస్త పాకాయి.

"సమ్మెలో ఉండి సంతకం పెట్టానని ఎవరికీ చెప్పకమ్మా" అన్నారు. ఆయన రిటైరయ్యే దాకా మేం చెప్పలేదు.

షేర్ ఆటోలో సింగరాయకొండ, అక్కణ్ణుంచి రైల్లో ఒంగోలు. మొదటిసారి పోతే వెరిఫికేషన్ జరగలేదు. రెండోసారి పోలీసుల కాపలా మధ్య అయింది.

వెబ్ ఆప్షన్లలో హైదరాబాద్ కాలేజీలు పెడతానంది పాప. అప్పట్లో అక్కడ మాబోటి వాళ్లు పోటీపడేది మిగతా 15 శాతం సీట్లకే, అయినా తన ర్యాంకుకి ఆశ ఉంది. తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, మా పక్కింటాయన పొద్దున జై తెలంగాణ ర్యాలీకి పోతాడు, సాయంత్రం మా పిల్లలకి లెక్కలు చెప్తాడు. నువ్వేం టెన్షన్ పడకుండా పంపించు" అన్నాడు. నేను వినలేదు. టీవీలో చూసిందే నమ్మాను. ఆ రోజు పాప ఏడుస్తూ ఆ కాలేజీలన్నీ తీసేసింది. అది నా తప్పే. గుంటూరులో సీటొచ్చింది.

మరుసటి ఏడు ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసైంది. జూన్ 2న రాష్ట్రం రెండైంది. తమ్ముడు ఇల్లు మారలేదు.

మొన్నామధ్య హెడ్మాస్టర్ గారు మార్కెట్లో కనిపించి, పాప ఎక్కడుందని అడిగారు. హైదరాబాద్‌లో ఉద్యోగం సార్, మా తమ్ముడి ఇంటి పక్క వీధిలోనే ఉంటోంది అని చెప్పాను.