కూనూరు మెస్సులో ఉప్పుడన్నం

కొండ రైలుకి టికెట్టు దొరకలేదు. మేట్టుపాళయంలో పొద్దున ఏడు దాటాక కదిలే ఆ బండికి ముందే సీట్లు నిండిపోతాయని తెలిసీ బయల్దేరాను కనక ఎవర్నీ అనడానికి లేదు. బస్సెక్కాను. కల్లారు దాటాక మొదలైన మలుపులు కూనూరు దాకా కడుపుని కుదురుగా ఉండనివ్వలేదు. బస్సులో సగం మంది ఊటీకే. నేను దిగింది పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ అనే టీకాల సంస్థ కోసం.

సిమ్స్ పార్కు దగ్గరే. 1907లో పెట్టారు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన ఇళ్లలో పిల్లల్ని బెదిరించేవారే, ఆ మందు చేసిన చోట్లలో ఇదీ ఒకటి. రేబిస్ ఎక్కించిన గొర్రె మెదడుని రుబ్బి, అందులోని వైరస్‌ని ఫినాల్ అనే రసాయనంతో చంపే పద్ధతి. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ దాన్ని రూపొందించాడు. ఒక్కో మోతాదు 2 నుంచి 5 మి.లీ. దాకా ఉండేది. అంత ద్రవం రోజూ చర్మం కింద పట్టాలంటే వదులుగా ఉండే పొట్టే దిక్కు. మెదడు కణజాలం కూడా మందుతో పాటే ఒంట్లోకి పోయేది కనక కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయేవి. మన దేశంలో 2004 చివర్లో ఆ రకం తయారీ ఆగింది.

గేటు బయట నిలబడి చూసింది అంతే. నన్ను అక్కడిదాకా లాక్కొచ్చింది మాత్రం సూది కాదు, బియ్యం. 1918లో ఈ ఆవరణలోనే ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి మీద, అంటే బి1 విటమిను చాలక నరాలు దెబ్బతినే జబ్బు మీద, పని మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెరిగి 1958లో హైదరాబాదు చేరింది. తార్నాకలో మనం రోజూ బస్సులోంచి చూసే జాతీయ పోషకాహార సంస్థ పుట్టిల్లు కూనూరు.

మధ్యాహ్నం బస్టాండు వైపు ఒక మెస్సులో కూచున్నాను. ఆకు వేశాడు, నీళ్లు చల్లాడు, అన్నం పెట్టాడు. లావు మెతుకు, లేత పసుపు రంగు, దేనికది విడిగా. సోనా మసూరి అలవాటైన నోటికి రబ్బరు నమిలినట్టుంది. పైగా ఆవిరితో పాటు ముక్కిపోయిన వాసన. పచ్చి బియ్యపు అన్నం లేదా అని అడిగితే, "పచ్చరిసి పొంగలుకే సార్" అని సాంబారు పోసి వెళ్లిపోయాడు. కొండ మీది ధర చెల్లించి ఇది తినాలా అని లోపల గొణుక్కున్నాను.

గొణిగే హక్కు నాకు అంతగా లేదు. బెరిబెరి పాతకాలపు మద్రాసు రాజ్యంలో తిష్ట వేసింది ఈ తమిళ జిల్లాల్లో కాదు, మన ఉత్తర సర్కారుల్లో, అంటే కోస్తాంధ్ర జిల్లాల్లో. ఇద్దరూ అన్నం తినేవాళ్లే. తేడా వడ్లు మరకి పోయే ముందు జరిగేదాంట్లో ఉంది.

ఉప్పుడు బియ్యానికి వడ్లని ముందు నానబెట్టాలి, తర్వాత ఆవిరి పట్టాలి, ఆరబెట్టాలి, అప్పుడు మర. నానేటప్పుడు, ఉడికేటప్పుడు తవుడు పొరలో ఉన్న బి1 విటమిను నీళ్లతో పాటు గింజ లోపలికి దిగుతుంది. లోపలి పిండి మెత్తబడి మళ్లీ గట్టిపడేసరికి అది అక్కడే చిక్కుకుంటుంది. ఇక పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. పచ్చి వడ్లకి ఆ రక్షణ లేదు. మర తవుడుతో పాటు విటమినూ ఊడ్చేస్తుంది. మిగిలినదాంట్లో చాలా భాగం మనం మూడుసార్లు కడిగి కుడితి తొట్టిలో పోస్తాం, ఇంకాస్త గంజితో వారుస్తాం. గేదె బాగుంటుంది.

తార్నాక వాళ్ల పాత పట్టికల్లో లెక్క ఇలా ఉంటుంది: వంద గ్రాములకి పచ్చి మర బియ్యంలో బి1 విటమిను 0.06 మిల్లీగ్రాములు, ఉప్పుడు మర బియ్యంలో 0.21. దంపుడు బియ్యంలోనూ అదే 0.21. అంటే రోకలి ఉన్నన్నాళ్లూ మనవాళ్లకి ఉడకబెట్టే పని లేకపోయింది. మర వచ్చాకే వచ్చింది చిక్కు.

ఇది తేల్చినవాళ్లలో మెక్‌కారిసన్ మొదటివాడేం కాదు. 1905లో కౌలాలంపూరు పిచ్చాసుపత్రిలో విలియం ఫ్లెచర్ రోగుల్ని వరసలో నిలబెట్టి నంబర్లిచ్చాడు. బేసి నంబర్లకి పచ్చి బియ్యం, సరి నంబర్లకి ఉప్పుడు బియ్యం. జబ్బు బేసివాళ్లలోనే విరుచుకుపడింది. మనుషుల మీద ఇలాంటి ప్రయోగాన్ని ఈ రోజుల్లో ఏ నైతిక కమిటీ ఒప్పుకోదు. కూనూరులో పావురాల మీద చూశారు. పాలిష్ బియ్యం తప్ప ఏమీ పెట్టకపోతే కొన్ని వారాల్లో కాళ్లు చచ్చుబడి, మెడ విరుచుకుపోయి తల వీపుకి ఆనుతుంది. బి1 ఉన్న మేత పడితే గంటల్లో లేచి నిలబడుతుంది.

ఆ వాసన సంగతి. చల్లనీళ్లలో రెండు మూడు రోజులు నానబెడితే తొట్టి పులుస్తుంది, ఆ కంపు గింజకి పడుతుంది. కొత్త మిల్లుల్లో సుమారు 70 డిగ్రీల వేడినీళ్లలో కొన్ని గంటల్లోనే నానబెడతారు, వాసన తక్కువ. ఎండలో గబగబా ఆరబెడితే గింజ పగిలి నూకవుతుంది, అందుకే మధ్యలో ఒకసారి కుప్ప చేసి ఆపుతారు. యాసంగి వడ్లు పచ్చిగా మర పట్టిస్తే నూకే ఎక్కువ. ఉడకబెడితే పగుళ్లు అతుక్కుంటాయి. తెలంగాణ మిల్లర్లు బాయిల్డ్ రైస్ కోసం అంత పట్టుబట్టేది అందుకే. మనం తినం, ఇటు దక్షిణానికి పంపుతాం. నా ఆకులోని మెతుకు నిజామాబాదు వైపుదే అయ్యుండొచ్చు.

రెండోసారి అన్నం వద్దన్నాను. రసం మాత్రం గ్లాసులో పోయించుకు తాగాను, బాగుంది. దిగేటప్పుడు కూడా బస్సే.