ఎర్ర టెర్మినళ్ల మధ్య మూడో స్పీకర్

ఆదివారం, మధ్యాహ్నం

భోజనాలయ్యాక వైరింగు పని. బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో 1982లో తెచ్చిన ‘యాంబియెంట్ 4: ఆన్ ల్యాండ్’ ఆల్బమ్ కోసం మూడో స్పీకర్. ఈ అమరిక ఆల్బమ్‌తో పాటు ఆయన సూచించిందే.

మామూలు స్టీరియో యాంప్ (యాంప్లిఫయర్) చాలు. మూడో స్పీకర్ తీగల్లో ఒకటి కుడి ఎర్ర టెర్మినల్‌కి, ఇంకోటి ఎడమ ఎర్ర టెర్మినల్‌కి. నల్లవాటి జోలికి పోకూడదు. స్పీకర్ మన వెనక ఉండాలి, నాలుగంగుళాలదైనా సరిపోతుంది. రెండు ఛానెళ్లలో ఒకేలా ఉన్నది అక్కడ రద్దయి, తేడా మాత్రమే మోగుతుంది.

పరీక్షకి సినిమా పాటే మేలు. గొంతుని నడిమధ్య మిక్స్ చేస్తారు కాబట్టి వెనక అది దాదాపు మాయమై, వయొలిన్లూ రివెర్బూ (ప్రతిధ్వని) మిగలాలి. గొంతు నిండుగా వస్తే ఒక తీగ నల్ల టెర్మినల్ మీదుందన్నమాట. సన్నగా వస్తే బ్యాలెన్స్ నాబ్ పక్కకి జరిగుంటుంది.

అసలు జాగ్రత్త లోడు దగ్గర. మూడూ 8 ఓమ్‌లవైతే, ఛానెళ్లు రెండూ ఎదురెదురుగా నడిచినప్పుడు ఒక్కోదాని మీద లోడు 2.7 ఓమ్‌లకి దిగుతుంది. ఓమ్‌లు తగ్గేకొద్దీ యాంప్‌కి భారం ఎక్కువ. 4 ఓమ్‌ల వరకే తట్టుకునే యాంప్ వేడెక్కి, ప్రొటెక్షన్‌లోకి పోయి దానంతటదే ఆగిపోవచ్చు. మూడో స్పీకర్‌తో సిరీస్‌లో 10 ఓమ్, 10 వాట్ రెసిస్టర్ వేస్తే 4.2 దగ్గర ఆగుతుంది. బ్రిడ్జి రకం (రెండు టెర్మినళ్లలోనూ సిగ్నల్ పంపే) యాంప్ బోర్డులకి ఇది వద్దు, వాటిలో నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు. యాంప్ ఆపి, రెండు నల్లవాటి మధ్య మల్టీమీటర్ పెడితే సున్నా ఓమ్‌లకి దగ్గరగా చూపించాలి.

ఇక ఆల్బమ్. రాగం కోసం వెతికితే నిరాశే. కప్పలు, పురుగులు, గొలుసులు, రాళ్లు, ఈనో సొంత పాత టేపుల ముక్కలు. ‘షాడో’ అనే ట్రాక్‌లో జాన్ హాసెల్ ట్రంపెట్. ‘డన్‌విచ్ బీచ్’ ట్రాక్ పేరు ఇంగ్లండ్‌లోని సఫోక్ తీరంలో చాలావరకు సముద్రం మింగేసిన రేవుది. ఈనో పెరిగిన వుడ్‌బ్రిడ్జ్ కూడా సఫోక్‌లోనే. చోటు తెలిసేది స్వరాలతో కాదు, ఏది దగ్గర, ఏది దూరం అన్నదానితో. మూడో స్పీకర్ పెంచేది ఆ లోతునే. వాల్యూమ్ తక్కువే ఉండాలి, అంటే సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే. ఉక్కపోతని భరించాలి, తప్పదు.

128 కేబీపీఎస్ ఎమ్‌పీ3 వద్దు. కుదింపులో ముందు నలిగేది ఛానెళ్ల తేడానే. వెనక స్పీకర్ వినిపించేదీ అదే, కాబట్టి కుదింపు వల్ల వచ్చే గులగుల శబ్దం బయటపడుతుంది. సీడీ గానీ ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన ఫైలు) గానీ చూసుకోవాలి. రెసిస్టర్ బాగా వేడెక్కుతుంది, కర్టెన్‌కి ఆనకుండా కట్టాలి.